పెద్దల డబ్బా

మా గల్లీ కుక్కలు నన్ను చూసి మొరగడం మానేశాయి. ఇదేమీ పెద్ద ఫిర్యాదు కాదు, మున్సిపాలిటీకి చెప్పుకునేది అంతకన్నా కాదు. కానీ అవి ఎదురింటాయనను చూసి మొరుగుతాయి, బోధన్ బస్సును చూసి మొరుగుతాయి, గాలికి దొర్లిపోయే ప్లాస్టిక్ కవరును చూసి కూడా లేచి నిలబడి మొరుగుతాయి. నేను పక్కనుంచి నడిచి వెళ్తే చెవి కూడా ఎత్తవు. అలవాటైన మనిషివని అర్థం అన్నారెవరో. ఎదురింటాయన నాకంటే పాత కాపు, ఆయనకు ఆ మినహాయింపు లేదు. ఒక వయసు దాటాక మనిషి ఉన్నాడా లేడా అన్నది కుక్కలు తేలుస్తాయేమోనని అనుమానం వచ్చి, ఒక పొద్దున కావాలనే కాలు నేలకేసి కొట్టి చూశాను. ఒక కుక్క కళ్ళు తెరిచింది. నన్ను కాదు, నా వెనక మోకాలెత్తున ఏదో ఉన్నట్టు అక్కడికి చూసి, మళ్ళీ పడుకుంది.

ఆ పొద్దునే ఎస్తేరు బ్యాగుతో దిగింది. ఎస్తేరు మా తమ్ముడి కూతురు. హైదరాబాదులో ఏదో ఆఫీసులో పని. ఏం పని అంటే చెప్తుంది గానీ అర్థం కాదు. నేనూ ఉద్యోగం చేసినంతకాలం ఎవరికీ అర్థమయ్యే పని చేయలేదు కనుక గుచ్చి గుచ్చి అడగను. కాలువల ఆఫీసులో చేరి, నీళ్ళకంటే ఎక్కువ కాగితాలు పారించి రిటైరయ్యాను. పెళ్ళి ఫైలు కూడా అక్కడే ఎక్కడో పెండింగులో పడి ఉండిపోయింది. బాన్సువాడ ఇంట్లో ఇప్పుడు ఉండేది నేనూ, తొంభైకి దగ్గర పడుతున్న మా అమ్మా. అమ్మకు చూపు తగ్గింది, వినికిడి తనకు కావలసినంత ఉంది, ముక్కు మాత్రం నాకంటే చురుకు.

ఎస్తేరు నేను పెట్టిన పాల టీ తాగలేదు. నల్ల టీ తనే పెట్టుకుని, గడప మీద కూర్చుని, వచ్చిన పని చెప్పింది.

"పెద్దడాడీ, ఈసారి క్రిస్మస్ బిస్కెట్లు నేను చేయిస్త. మన ముత్తవ్వ చేయించినట్టే, అదే భట్టీల. కాకపోతే పాలు, నెయ్యి, గుడ్డు ఉండయ్."

"అవి తీసేస్తే మిగిలేది మైదాపిండి జిగురు బిడ్డా. పోస్టర్లు అంటించుకోవచ్చు."

"నేను వీగన్ అయిన కద."

అమ్మ మంచం మీదినుంచి తల తిప్పింది. "గదేంది, కొత్త సంఘమా? పాస్టరెవరు?"

"సంఘం కాదు నానమ్మా. జంతువులకాడికెళ్లి వచ్చేదేది తిననోళ్ళు."

"పాలు పిండితే బర్రె సస్తదా ఏంది?"

"చావదు. అయినా తినం."

"గట్లయితే మంచిదే, నీ పాలు కూడ నేనే తాగుత," అని అమ్మ అటు తిరిగింది. అంతలోనే మళ్ళీ ఇటు తిరిగి, నవ్వు లేని గొంతుతో అంది. "నీకు ఎట్ల గావాల్నో గట్ల చేపిచ్చుకో. పెద్దల డబ్బాలకు మాత్రం నెయ్యివే వెయ్యాలె. దాంట్ల వేరేటివి వేస్తె ఊకోను."

ఎస్తేరు నావైపు చూసింది. ఆ డబ్బా సంగతి ఆ పిల్లకు ముక్కలు ముక్కలుగా తెలుసు. పూర్తిగా తెలిసినవాళ్ళలో మిగిలింది నేనూ అమ్మా మాత్రమే. ఎవరో ఒకరు రాసి పెట్టాలి కనుక రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఇంటిని నడిపింది మా అవ్వ, నాయిన తల్లి. మనిషి పొట్టి, నోరు పొడుగు. నడుముకు నశ్యం డబ్బీ ఒకటి ఎప్పుడూ ఉండేది. ప్రార్థనలో ఆమేన్ అనగానే ఒక పట్టు పీల్చి తుమ్మేది, ఆ తుమ్ముతోనే మాకు ప్రార్థన అయిపోయినట్టు లెక్క. చలి మొదలవగానే ఇంట్లో మీగడ మాయమయ్యేది. మా పళ్ళాల్లోకి వచ్చేవి మీగడ తీసిన పాలు, మీగడ తీసిన పెరుగు. ఆ మీగడంతా ఒక కుండలో చేరి, కొంచెం పులిసి, వెన్నయి, పండగకు ముందు ఒకనాడు నెయ్యయ్యేది. ఆ రోజు మా ఇల్లు, మా బట్టలు, మా తలవెంట్రుకలు, బళ్ళో మా పలకలు కూడా నెయ్యి వాసన కొట్టేవి. గోడలకు కొత్తగా వేసిన సున్నం వాసన మీద ఆ కాగిన నెయ్యి వాసన పడితే, ఇప్పటికీ నాకు పండగ అంటే ఆ రెండే. భట్టీలో చాలామంది వనస్పతితో చేయించుకునేవాళ్ళు, అది చవక. అవ్వ ఒప్పుకునేది కాదు. "యేసుప్రభువు పుట్టినరోజుకు వనస్పతి పెడ్తరా? ఆయనేమన్న పరాయోడా?" అనేది.

భట్టీ పాత బజారులో ఉండేది, ఇప్పటికీ ఉంది. బిస్కెట్లు కొనుక్కోవడం అప్పట్లో రోగులు చేసే పని. మామూలు మనుషులు మైదా, చక్కెర, నెయ్యి, గుడ్లు, పాలు మోసుకుని వెళ్ళి, భట్టీవాళ్ళతో కలిపించి, అక్కడే కూర్చుని కాల్పించుకుని తెచ్చుకునేవాళ్ళు. బీర్కూర్ నుంచి, పిట్లం నుంచి, కోటగిరి నుంచి సంచులతో బస్సులు దిగేవాళ్ళు. ఇన్ని ఇళ్ళ బిస్కెట్లు ఒకే నిప్పులోకి పోతే ఎవరివి ఎవరివో తెలియాలి కదా. అందుకని ఇంటికొక గుర్తు. దర్జీ ఇంటివాళ్ళు గుండీతో అద్దేవాళ్ళు. బస్సు కండక్టరు భార్య, మొగుడు టికెట్లకు చిల్లు కొట్టే పంచింగ్ మిషను తెచ్చి ప్రతి బిస్కెట్టుకూ ఒక బెజ్జం వేసేది. టికెట్టు లేకుండా ఒక్క బిస్కెట్టూ ఆ ఇంటికి పోలేదు. మాది మందుసీసా మూత. గుండ్రంగా, లోపల మెట్ల గీతలు. ఒకే గుర్తున్నవన్నీ ఒకే ఇల్లు, ఒకే కుప్ప. భట్టీలో ఇంతకు మించిన చట్టం లేదు.

ఇంటికి రాగానే ఎవరూ నోట్లో వేసుకోకూడదు. ముందు పెద్దల డబ్బా నిండాలి. అది చేతికి బరువుగా ఉండే గుండ్రటి రేకు డబ్బా, బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది, మూత బిగుతు. అవ్వ దాన్ని నింపి, చీర కొంగుతో తుడిచి, నాయిన చేత అటక మీద పెట్టించేది. పోయినవాళ్ళ కోసం. కొత్త సంవత్సరం ఆరాధన అయివచ్చాకనే కిందికి దింపేవాళ్ళు. పాస్టరుగారికి ఇది తెలిసి ఒకసారి ఇంటికొచ్చి, విశ్వాసులు చేయదగిన పని కాదన్నాడు. అవ్వ ఆయనకు బిస్కెట్లు పెట్టి, "ఇది మొక్కుడు కాదయ్యా, మర్యాద. ఇంట్ల ఉన్నోళ్ళకు పెట్టకుంట మనమే తింటమా?" అంది. ఆయన చుట్టూ ఒకసారి చూసి, బిస్కెట్టు సగంలో వదిలి లేచాడు.

దింపినప్పుడు డబ్బా ఎప్పుడూ కొంచెం వెలితిగా ఉండేది. ఒకప్పుడు పైవరస, ఒకప్పుడు ఇంకొంచెం. అవ్వ తృప్తిగా తల ఊపేది. ఎలుకలని నాయిన గొణిగేవాడు. మూత తీసి తిని మళ్ళీ అంత బిగుతుగా పెట్టిపోయే ఎలుకల మీద నాకు చిన్నప్పుడు చాలా గౌరవం ఉండేది.

ఆ తర్వాత రూతు పోయింది. రూతు నా చెల్లెలు. మాటలు బాగా వచ్చి, బడికి ఇంకా పోని వయసు. ఒక క్రిస్మస్ మధ్యాహ్నం, గుడి నుంచి వచ్చి అన్నాలు కూడా తినకముందే, అవ్వ ఒళ్ళో కూర్చున్న పిల్ల ఊపిరి అందక, ముఖం ఉబ్బి, మంచం మీదికి చేర్చేలోపు అయిపోయింది. గాలి సోకిందన్నారు. సున్నం వేసిన గోడల ముందు, రంగు కాగితం నక్షత్రం కింద, కొత్త గౌనులోనే పడుకోబెట్టారు. నాకు గుర్తున్నది గౌను కంటే దాని పెదవులు. అవి రూతువి కావు. ఎవరో పెద్దవాళ్ళ పెదవులు తెచ్చి పెట్టినట్టున్నాయి.

ఆ తర్వాతి పండగ నుంచి డబ్బా పెట్టింది పెట్టినట్టే దిగడం మొదలైంది. వెలితి లేదు. అవ్వ మూత తీసి, చూసి, కూలబడిపోయింది. "అది అలిగింది," అంది. "పిల్ల ముట్టనిది పెద్దలెట్ల ముడ్తరు? అది తినేదాక ఎవ్వరు తినరు." మా ఇళ్ళలో నిజంగానే పిల్లలు తినకుండా పెద్దలు కంచం ముందు కూర్చోరు, ఆ పద్ధతి అటక మీద కూడా అమల్లో ఉందన్నమాట. ఎలుకలు మతం మార్చుకున్నాయని నేనన్నాను, చెంప పగిలింది. ఆ తర్వాత ఏటేటా నెయ్యి పెరిగింది. పాలు చిక్కబడ్డాయి. అలిగిన పిల్లను బుజ్జగించడానికి మరింత తియ్యగా, మరింత గుల్లగా, మరింత కమ్మగా. డబ్బా నిండుగానే దిగేది. అవ్వ పోయింది, నాయిన పోయాడు. అమ్మ కొనసాగించింది. ఏటా మూత తీసి, చేత్తో తడిమి, మళ్ళీ పెట్టేసేది. అందుకే డబ్బాలో నెయ్యి లేని బిస్కెట్లు వద్దంది. ఒకసారి నాతో అననే అంది. "నా రోజులు దగ్గరకొచ్చినయ్‌రా. నేను పోయినప్పుడు గా పిల్ల మొకం తిప్పుకుంటే నేను యాడికి పోవాలె?"

ఎస్తేరుకు ఆ సంగతి చెప్పాను. "సరే పెద్దడాడీ. రెండు రకాలు చేయిద్దాం. డబ్బాల నెయ్యివే పెడదాం," అంది. వాదించలేదు. ఆ పిల్లకు వాదించడం బాగా వచ్చు కనుక నాకు కొంచెం ఆశ్చర్యం వేసింది.

ముందు ఇంట్లో కుక్కర్లో ప్రయోగాలు జరిగాయి. మొదటిది కొబ్బరినూనెతో. అమ్మ వాకిట్లోంచే, "ఎవరికి తలంటుతున్నరు?" అని అడిగింది. రెండోది అరటిపండు గుజ్జుతో. అది ఉబ్బలేదు, కాలలేదు, రెండు రోజులు బల్ల మీద ఉండి ఎవరూ చెప్పకుండానే పెరట్లోకి పోయింది. మూడోసారి ఎస్తేరు పల్లీలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, వాసన లేని నూనెను ఫ్రిజ్జులో గడ్డకట్టిన కొబ్బరిపాలతో కలిపి ఏదో చేసింది. ఇలాచీ దంచి వేసింది. తిని చూశాను. ఏ దుర్వాసనా లేదు, ఏ లోపమూ చెప్పలేకపోయాను. అది నా స్వభావానికి విరుద్ధం కనుక, "కొంచెం నిజాయితీ ఎక్కువైంది," అన్నాను. అమ్మ వాసన చూసి చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. తినలేదు. తిరిగి ఇచ్చేసింది.

భట్టీకి పోయినరోజు అమ్మ కూడా వస్తానంది. ఆటోలో తీసుకుపోయాం. మునుపు భట్టీ నడిపిన చాచా ముసలివాడయ్యాడు, ఇప్పుడు ఆయన కొడుకు సలీం నడుపుతున్నాడు. సగం కరెంటు, సగం కట్టెలు. చాచా ముందు కుర్చీలో కంబళి కప్పుకుని, వచ్చేపోయేవాళ్ళను శబ్దాన్నిబట్టి పలకరిస్తూ కూర్చుంటాడు. రెండు కళ్ళలో శుక్లాలు. ఒకటి తీయించారు, రెండోది ఆయన తీయించుకోనన్నాడు, చూసింది చాలన్నాడట.

"ఎన్ని రకాలమ్మా?" అన్నాడు సలీం.

"రెండు అన్నా. ఒకటి నెయ్యిది, ఒకటి పాలు, గుడ్డు ఏం లేనిది. కలవొద్దు."

"గుడ్డు లేకుంటే మరి బిస్కెట్టు ఎట్ల నిలబడతది?"

"నిలబడతది అన్నా. నేను నిలబడలేదా?"

సలీం నవ్వి, కాగితాలు పరిచిన రెండు రేకులు చూపించాడు. ఎస్తేరు బ్యాగులోంచి మందుసీసా మూత తీసి, నెయ్యివాటి మీద అద్దింది. తర్వాత నూనెవాటి మీద కూడా అద్దింది. వాటికి ఇంకో గుర్తు పెట్టమన్నాను. ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా ముడుచుకుంది. "ఎందుకు పెద్దడాడీ? ఇవి కూడ మనింటివే కద," అంది. అందులో ఏదో ఉంది, బిస్కెట్ల కంటే పాతది.

అప్పుడే చాచా కంబళిలోంచి చెయ్యి బయటికి పెట్టి, గట్టిగా అన్నాడు. "అరె, పాపను పట్టుకోండ్రి. పొయ్యికాడికి పోతున్నది. చిన్న పిల్ల, కాలుతది."

మేమందరం చూశాం. ఆ వేళ భట్టీలో పిల్లలెవరూ లేరు. సలీం అలవాటైన విసుగుతో, "అబ్బా, పాప లేదు, ఎవ్వరు లేరు," అన్నాడు. చాచా తీయించని కన్నే పొయ్యివైపు పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. అమ్మ చెయ్యి నా చేతి మీద బిగిసింది. నేను పక్క హోటల్లో టీ తాగుదామన్నాను, ఎందుకంటే ఏదో ఒకటి అనాలి.

టీ తాగి వచ్చేసరికి బిస్కెట్లు కాలి, చల్లారి, బల్ల మీద కాగితాల్లో రెండు కుప్పలుగా ఉన్నాయి. ఒకే రంగు, ఒకే సైజు, ఒకే గుర్తు. "గిది నెయ్యిది, గది నూనెది," అన్నాడు సలీం ఏమాత్రం తడుముకోకుండా. ఎస్తేరు అలాగే మూడు డబ్బాలు నింపింది. నెయ్యి కుప్పలోంచి పెద్దల డబ్బా, ఇంటి డబ్బా. నూనె కుప్పలోంచి తనది. పెద్దల డబ్బాను నేనే అటకెక్కించాను. మోకాళ్ళు చప్పుడు చేశాయి, డబ్బా చేయలేదు.

క్రిస్మస్ మధ్యాహ్నం గుడి నుంచి వచ్చాం. అమ్మ మంచం మీద వాలింది. ఎస్తేరు తన డబ్బా మూత తీసి, ఒక బిస్కెట్టు కొరికి, కళ్ళు మూసుకుంది. "పెద్దడాడీ, సూపర్ వచ్చినయ్. నెయ్యి లేదంటే ఎవ్వరు నమ్మరు," అంది. రెండోది సగం తిన్నాక గొంతు సవరించుకుంది. మళ్ళీ సవరించుకుంది. చెవి వెనక గీరుకుంది. నేను చూస్తుండగానే మెడ మీద దద్దుర్లు లేచాయి, పెదవులు లావెక్కాయి. అవి ఎస్తేరువి కావు. ఎవరో పెద్దవాళ్ళ పెదవులు. ఆ పిల్లే బ్యాగు లాక్కుని మాత్రలు మింగి, "ఆటో," అంది, ఆ ఒక్క మాట కూడా పూర్తిగా రాలేదు.

దవాఖానలో సూది వేశారు, ఇంకేదో ఎక్కించారు. ఊపిరి కుదుటపడ్డాక, తెల్ల దిండు మీద తల పెట్టుకుని ఎస్తేరు నిజం చెప్పింది. వీగన్ కావడం ఫ్యాషన్ కాదట. పాలు, గుడ్డు ఒంటికే పడవట. చిన్నప్పుడు దద్దుర్లతో ఆగేది, పెద్దయ్యాక ఊపిరి దాకా వచ్చింది, డాక్టరు ముట్టొద్దన్నాడు.

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"ఒంటికి పడదంటే ఏమంటరు పెద్దడాడీ? కొంచెం తింటే ఏం కాదంటరు. నెయ్యి చుక్క ఏసి, ఎయ్యలేదంటరు. వీగన్ అంటే పిచ్చిదనుకుని ఇడ్సిపెడ్తరు."

సలీంకు ఫోను చేశాను. మొదట ఒప్పుకోలేదు, తర్వాత పనివాణ్ణి అడిగి చెప్పాడు. రెండు రేకుల మీదా ఒకే గుర్తుందని అన్నీ ఒకే గంపలో పోశాడట. ఒకే గుర్తు, ఒకే ఇల్లు. బల్ల మీద చోటు చాలక దాన్నే రెండు కుప్పలు చేశాడట. అంటే మూడు డబ్బాల్లోనూ అన్నీ కలిసే ఉన్నాయి.

చీకటి పడకముందే ఇంటికి తెచ్చాను. అమ్మ కుర్చీ ఈడ్చుకుని ఎస్తేరు మంచం పక్కన కూర్చుని, చెవి వెనకా, మెడ మీదా తగ్గుతున్న దద్దుర్లను వేళ్ళతో తడిమింది. చూపు లేనివాళ్ళు అక్షరాలు తడిమినట్టు. చాలాసేపు తడిమింది.

"గిట్లనే," అంది. "చెవుల ఎన్కకెళ్లే లేసినయ్. పెదువులు గిట్లనే." తర్వాత, "చిన్నపిల్లలకు కూడ గిట్లయితదా?"

"అయితది నానమ్మా. చిన్నోళ్ళకే ఎక్కువ."

"సూది ఎయ్యకుంటే?"

ఎస్తేరు నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను.

జ్ఞాపకం విచిత్రమైంది. అదే గది, అదే గోడ, అంతా ఎప్పుడూ అక్కడే ఉంటుంది, దీపం మాత్రం వేరే మూల పెడతారు. ఆ సాయంత్రం నాకు కనిపించినవి కొత్తవి కావు. నెయ్యి కాగే రోజు రూతు ఇంట్లో ఉండేది కాదు. పెరట్లో జొన్నచొప్ప కట్టల వెనక కూర్చునేది, నేనే వెళ్ళి చెయ్యి పట్టి లాక్కొచ్చేవాణ్ణి, అదొక ఆట అనుకునేవాణ్ణి. పాలగ్లాసు చూస్తే పళ్ళు బిగించేది. దిష్టి అనేవాళ్ళు, మొండి అనేవాళ్ళు. అవ్వకు అది ప్రాణం. ఇంట్లో ఎవరికీ దొరకని మీగడ దానికి దొరికేది. పిల్ల బక్కగా ఉందని, బలం రావాలని, ఒళ్ళో గట్టిగా అదిమి పట్టుకుని, ముక్కు మూసి, పాలు పోసేది. ఆ క్రిస్మస్ మధ్యాహ్నం కూడా పాలల్లో నానిన నెయ్యి బిస్కెట్టే. ప్రేమతోనే. అంత ప్రేమగా ఇంకెవరికీ పెట్టడం నేను చూడలేదు.

ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ అలా పోయిన పిల్ల ఒకటి ఉండేది. పేరున్న పిల్లలు, పేరులేని జబ్బులు. గాలి, దిష్టి, పురుగు ముట్టడం. తలుపు దగ్గర నిలబడి అడిగితే ఎవరైనా చెప్పేవాళ్ళు, ఏడవకుండా, సంతలో ధర చెప్పినట్టు. ఇప్పుడు జబ్బులకు పేర్లున్నాయి, వాటికి మాత్రలున్నాయి, ఎస్తేరు బ్యాగులో అవి ఒక చిన్న సంచీలో ఉంటాయి, ఆ పిల్ల బతికింది. ఇది ముందుకు నడవడం కాదని నేనెలా అంటాను? కానీ చొప్ప వెనక దాక్కున్న పిల్ల, వీగన్ అనే మాట వెనక దాక్కున్న పిల్ల, ఇద్దరూ మా ఇంటి పిల్లలే, దాక్కున్నదీ మా నుంచే. నక్షత్రం మాత్రం మారింది. అప్పుడు కాగితంది, ఇప్పుడు చైనా బల్బుది.

పెద్దల డబ్బా దింపుతాను, వాసన చూసి ఏవి నూనెవో చెప్తే వేరు చేస్తానని అమ్మతో అన్నాను. "ముట్టకు," అంది అమ్మ. "ఉండనీ."

ఎస్తేరు తేరుకుని మర్నాడు హైదరాబాదు బస్సెక్కింది. తర్వాత కొన్ని రోజులు అటక మీద అప్పుడప్పుడు టక్కుమని చప్పుడయ్యేది. పొద్దున ఎండ ఎక్కేటప్పుడు. రేకు డబ్బాలు చలికి ముడుచుకుని, ఎండకు సాగుతాయి, మూత కదులుతుంది, అది భౌతికశాస్త్రం. అమ్మ మంచం మీద కదలకుండా పైకి చూస్తూ ఉండేది. ఒకరోజు చప్పుడు కాగానే, "మెల్లగ," అంది, నాతో కాదు.

కొత్త సంవత్సరం ఆరాధన అయింది. నిచ్చెన వేసి డబ్బా దింపాను. చేతికి అందగానే తెలిసింది. మూత ఎప్పటిలాగే బిగుతుగా ఉంది, చెంచా పెట్టి లేపాల్సి వచ్చింది. దాదాపు సగానికి దిగింది. చీమ లేదు. పొడి లేదు. ఎవరో ఏరుకుని, చెయ్యి తుడుచుకుని పోయినట్టుంది.

నీళ్ళు ఎందుకు తగ్గాయో రాయడం నా ఉద్యోగం. ఆవిరి, ఇంకుడు, దొంగ తూము. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎప్పుడూ సరిపోయేది. డబ్బా ముందు కూర్చుని మూడూ వరసగా ఆలోచించాను. ఈలోగా అమ్మ మిగిలినవాటిలోంచి ఒకటి తీసి, విరిచి, వాసన చూసి పక్కన పెట్టింది. ఇంకొకటి. ఇంకొకటి. అన్నీ చూసింది. కొంగుకు వేళ్ళు తుడుచుకుంది, కొంగు జిడ్డయింది.

"నెయ్యివే," అంది. "అన్ని నెయ్యివే మిగిలినయ్."

నేనూ విరిచి వాసన చూశాను. నిజమే. ఎలుకైతే నెయ్యివి తిని నూనెవి వదిలేది. ఎస్తేరుకు ఫోను చేసి, వెళ్ళేముందు అటకెక్కి నీవి తీసుకుపోయావా అని అడిగాను. "ఏవి నావో తెలిస్తే నేను దవాఖానకెందుకు పోత పెద్దడాడీ?" అంది. అమ్మ నిచ్చెనెక్కలేదు. మిగిలింది నేను. నేను తినలేదు. ఇంతకంటే గట్టిగా నేను దేన్నీ రాయలేను.

ఫోను పెట్టి లోపలికి వచ్చేసరికి అమ్మ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముఖంలో ఏడుపు లేదు, తృప్తి కూడా లేదు. చాలా ఏళ్ళ తర్వాత నావైపు సూటిగా చూసింది, కనిపిస్తున్నట్టే.

"అది అలగలేదురా," అంది. "మనల్ని చూసి భయపడ్డది."